తెరిపి చెప్పని గార్డు మావ

శ్రావణ శుక్రవారం నాడు, పొద్దు పడమటికి వాలుతున్న వేళ, బిలాస్‌పూర్ తార్‌బహార్‌లోని స్వగృహంలో, అరుగు మీద పడక్కుర్చీలో ఉత్తరాభిముఖుడై కూర్చుని, శ్రీ లెంక సింహాచలం గారు దివంగతులయ్యారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. ప్రాణం పోయినప్పుడు పక్కన ఉన్నవాణ్ణి నేనే. ఆయన చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. అయినా మర్నాడు దహనం, ఆ పైన పరామర్శలు అన్నీ అయ్యాక, ఆఫీసుకి బయల్దేరుతూ అలవాటు కొద్దీ వాళ్ల అరుగు వేపు తల తిప్పి, గొడుగు పట్టుకెళ్లాలా వద్దా అని అడగబోయాను. అరుగు ఖాళీగా ఉంది. ఆయన పోయాడని నాకు నిజంగా తెలిసింది అప్పుడే. వీధిలో నిలబడి ఏడ్చాను.

ఈ బిలాస్‌పూర్ రైలు ఊళ్లో ఆయన్ని ఎరగని తెలుగు గడప లేదు. కానీ మన పిల్లలున్నారే, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, తెలుగు అక్షరం కనిపిస్తే మాత్రం కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసే మన పిల్లలు, వాళ్లకి ఆయన ఒక కోపిష్ఠి ముసలాయనగానే మిగిలిపోతాడేమోనని నా భయం. చదవగలిగిన వాళ్లు ఎవరైనా ఇది వాళ్లకి చదివి వినిపించండి.

సింహాచలం గారిది విజయనగరం దగ్గర పల్లె. రైలు కంపెనీ వాళ్లు ఇక్కడ లైను వేసి మనుషుల్ని పిలుస్తున్న రోజుల్లో వచ్చిన తొలి కుటుంబాల్లో వాళ్లదొకటి. కూలీగా చేరి, పోర్టరై, చివరికి గూడ్సు గార్డై రిటైరయ్యారు. వయసులో పెద్దవాళ్లు సింహాచలం అనేవారు; తక్కిన అందరికీ ఆయన గార్డు మావ. నాకు చుట్టరికం ఏమీ లేదు. మా గోడా వాళ్ల గోడా ఒకటే, అంతే. ఆ గోడ పుణ్యమా అని నా జీవితంలో సగం ఆయన దగ్గులు వింటూ గడిచింది.

మావకి ఈ ఊళ్లో ఒక పదవి ఉండేది. ఎవరూ ఇచ్చినది కాదు, జీతం లేదు, అడిగి తీసుకున్నదీ కాదు. మనకి వారం అంటే ఆదివారంతో మొదలవదు గదా, బుధవారీ బజారుతో మొదలవుతుంది. సంతలో కూరగాయలు ఒక పక్క, మన వేపు నుంచి బండి మీద వచ్చే ఎండుచేపల గంపలు ఒక పక్క. ఆ గంపల దగ్గర, ముక్కు మూసుకుని పోయే హిందీ వాళ్లని కళ్లెర్రజేసి చూస్తూ, మావ నిలబడేవాడు. ఆడవాళ్లు బేరం మధ్యలో ఆపి, "మావా, ఈ వారం ఏటి?" అని అడిగేవారు. ఆయన గొంతు సవరించుకుని, వచ్చే సంత దాకా ఆకాశం ఎలా ఉండబోతోందో చెప్పేవాడు. ఏనాడు వడియాలు పెట్టకూడదు, కప్పు మీద పెంకులు ఎప్పుడు సర్దించాలి, పెళ్లివారు పందిరి మీద ఏం కప్పాలి, అన్నీ. కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ముసలమ్మ కూడా గంప పక్కకి జరిపి, "గారద్ బాబా, పానీ గిరహీ కా?" అని, అంటే వాన పడుతుందా అని, అడిగేది. గిరహీ, గిరహీ, అనేవాడు మావ. ఆవిడ నాట్లు అప్పుడు మొదలెట్టేది.

ఆయన పద్ధతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే నా ఆఫీసు గూడ్సు షెడ్డు పక్కనే. రోజూ పొద్దున్న స్నానం చేసి, విభూతి పెట్టుకుని, స్టేషనుకి వచ్చేవాడు. ఈ ఊరికి మూడు వేపుల నుంచి బండ్లు వస్తాయి. తూర్పున రాయ్‌గఢ్ నుంచి, పడమట రాయ్‌పూర్ నుంచి, ఉత్తరాన పెండ్రా కొండలు దాటి కట్నీ నుంచి. బండి వచ్చి ఆగగానే మావ దాని ఒళ్లు చూసేవాడు. ఇంజను జోలికి పోయేవాడు కాదు, అది తన నీళ్లు తనే చిమ్ముకుంటుంది కాబట్టి దాని సాక్ష్యం చెల్లదనేవాడు. వ్యాగన్ల కప్పులు తడిసి ఉన్నాయా, దుమ్ము కొట్టుకుని ఉన్నాయా, తార్పాలిన్ మడతల్లో నీళ్లు నిలిచాయా, చక్రాలకి అంటుకున్న మట్టి ఏ రంగు, ఇవీ ఆయన చూపులు. ఆఖరున, బండి చివర గార్డు కూర్చునే బ్రేకు పెట్టె దగ్గరికి వెళ్లి, దిగుతున్న గార్డు చేతిలోంచి పచ్చజెండా లాక్కుని వేళ్లతో నలిపి చూసేవాడు. తడి ఉంటే తల పంకించేవాడు. కొత్తగా చేరిన గార్డులు ముసలాయనకి మతి పోయిందనుకునేవారు. పాతవాళ్లు జెండా ముందే తీసి పట్టుకుని దిగేవారు.

ఇంత తంతు చేసినా ఆయన జోస్యాలు ఎన్ని ఫలించేవని అడిగితే, చనిపోయిన వాడి మీద అబద్ధం చెప్పను, సగం. అందులోనూ నాకు గుర్తున్న కాలమంతటా ఆయన చెప్పింది ఒకటే. వాన. లేకపోతే గాలివాన. అదీ కాకపోతే మబ్బు. వైశాఖంలో రాళ్లు పగిలే ఎండలో కూడా, నమ్మకండి, గాలి మారుతోంది, అనేవాడు. "గొడుగు అట్టుకెళ్లండి" అన్నది ఆయన ప్రతి మాటకీ చివర తగిలించే ఆశీర్వచనం. ఆడవాళ్లు తెలివైనవాళ్లు. మావ గాలివాన అంటే జల్లు అని, జల్లు అంటే మబ్బు అని, మబ్బు అంటే ఇంక నిశ్చింతగా మినప్పప్పు నానబోసుకోవచ్చని వాళ్లకి వాళ్లే తగ్గించుకునేవారు. అయినా అడగడం మానలేదు. అడగందే వారం మొదలైనట్టు ఉండేది కాదు మనకి.

ఒకసారి మన వీధిలో ఒక ఫిట్టరు కూతురి పెళ్లి. మావ పెళ్లిపందిరి మీద రెండు వరసల తార్పాలిన్ కప్పించాడు, కింద కాలవ తవ్వించాడు, వంటశాల పాకలోంచి షెడ్డులోకి మార్పించాడు. పెళ్లినాడు చుక్క పడలేదు సరిగదా, తార్పాలిన్ కింద ఉక్కకి పురోహితుడు మంత్రం మధ్యలో సొమ్మసిల్లాడు. ఫిట్టరు లబలబలాడుతూ వచ్చి మావ మీద పడ్డాడు. "తడిసినావా? తడవనేదు గదా. మరి ఏడుత్తావేటి?" అన్నాడు మావ, పెళ్లిభోజనంలో పెరుగు కలుపుకుంటూ. మర్నాడు ఎర్రటి ఎండలో గొడుగు వేసుకుని సంతకి వెళ్లాడు. నవ్విన వాళ్లని చూసి, ఎండకీ గొడుగే గదా వేసుకుంటారు, అన్నాడు. ఓడిపోవడం ఆ మనిషికి రాదు.

ఆయన కర్కశత్వం వెనక ఏముందో నాకు చూపించిన సంగతి ఒకటి చెప్పాలి. మా తాతగారు, అంటే మా అమ్మ తండ్రి, అక్కడ విజయనగరం వేపు మన ఊళ్లో పోయినప్పుడు మాకు తంతి ఆలస్యంగా అందింది. అమ్మ వెళ్లేసరికి అన్నీ అయిపోతాయి, వెళ్లి లాభం లేదని పెద్దలు ఆపేశారు. అమ్మ అన్నం ముట్టకుండా గోడవేపు తిరిగి పడుకుంది. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి లైను పడిన కొత్త రోజులవి. మర్నాడు మావ వచ్చి, ఎందుకో చెప్పకుండా, అమ్మని లేపి స్టేషనుకి తీసుకెళ్లాడు. నేను వెంట వెళ్లాను. ఆ లైను మీదుగా వచ్చిన గూడ్సు ఒకటి యార్డులో నిలబడి ఉంది. తార్పాలిన్ మడతలో ఇన్ని నీళ్లు నిలిచి ఉన్నాయి. "ఇది మీ ఊరి వాన, అప్పా. నిన్న అక్కడ పడింది. ముట్టుకో" అన్నాడు. అమ్మ ఆ నీళ్లలో వేళ్లు ముంచి కళ్లకి అద్దుకుంది. అక్కడే, పట్టాల పక్కన, కంకర మీద కూర్చుని మొదటిసారి ఏడ్చింది. మావ మా ఇద్దరికీ వీపు పెట్టి నిలబడి, చక్రాల మట్టి చూస్తున్నట్టు నటించాడు. ఆ సాయంత్రం అమ్మ అన్నం తింది.

మన ఊరి వాన ఒకటి రెండు రోజుల వెనక మన దగ్గరికి వస్తుందని మావ నమ్మకం. అది నిజం కూడా. అక్కడ సముద్రంలో వాయుగుండం పుడితే ఇక్కడ మన పెంకులు కారతాయి. "మనం వొదిలేసి వొచ్చినా, అది మనల్ని వొదల్నేదు" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన ముఖంలో చిరాకు ఉండేది కాదు.

ఆ నమ్మకమే ఆయన ఇల్లు కూల్చింది. ఇది పెద్దలకి తెలుసు, ఎవరూ పైకి అనరు. పిల్లలకి తెలియదు. మావ బతికుండగా నేను కూడా అననివాణ్ణే. ఇప్పుడు చెప్పకపోతే ఆయన్ని సగమే చెప్పినట్టవుతుంది.

మావ భార్య సన్యాసమ్మ గారు. మెత్తని మనిషి, పెద్ద నవ్వు. వాళ్లకి ఒక్కతే కూతురు, పైడితల్లి. పైడికి చిన్నతనంలో విషజ్వరం వచ్చి, డాక్టరు ఆశ వదిలేస్తే, సన్యాసమ్మ గారు ఇక్కడికి ఉత్తరాన, కొండల వేపు ఉన్న రతన్‌పూర్ అమ్మవారికి మొక్కుకున్నారు: బిడ్డ లేచి తిరిగితే శ్రావణ శుక్రవారం నాడు పట్టుచీర పెడతానని. బిడ్డ లేచింది. శ్రావణం వచ్చింది. వీధిలో ఆడవాళ్లు నలుగురు బండి కట్టించుకుని వెళ్దామనుకున్నారు. మా అమ్మ కూడా. బుధవారం సంతలో అందరూ మావని అడిగారు. అప్పట్లో ఆయన ఎండని ఎండ అనే మనిషే. తూర్పు నుంచి వచ్చిన బండ్లన్నీ పొడిగా ఉన్నాయి, కప్పుల మీద దుమ్ము లేస్తోంది. ఈ వారం తెరిపి, నిక్షేపంలా వెళ్లిరండి, అన్నాడు.

ఆ రోజుల్లో విజయనగరం లైను ఇంకా లేదు. ఇంటికి వెళ్లాలంటే ఖరగ్‌పూర్ చుట్టి, తూర్పు బండే ఎక్కాలి. మనకి ఇల్లూ తూర్పే, సముద్రమూ తూర్పే, కాబట్టి వానా తూర్పు నుంచే రావాలి. సముద్రం ఒడ్డున పుట్టిన వాళ్లకి ఇంకోలా తోచదు. తూర్పు బండి వస్తే మావ ఒళ్లంతా కళ్లు చేసుకుని చూసేవాడు, కట్నీ బండి వస్తే చాయ్ తాగడానికి వెళ్లిపోయేవాడు. కొండల మీద కురిసే వానకి సముద్రంతో పని లేదని, అది మన నెత్తిన చుక్క వేయకుండానే వాగులోంచి వచ్చి మీద పడగలదని ఆయనకి గాని, ఆ వీధిలో ఇంకెవరికి గాని ఆలోచనే రాలేదు.

దారిలో వాగు దగ్గర బండి ఆపారు. పైన నీలంగా ఆకాశం. వాగులో చీలమండ లోతు నీళ్లు. ఎడ్లకి నీళ్లు పెట్టారు, ఆడవాళ్లు ముఖాలు కడుక్కుంటున్నారు. సన్యాసమ్మ గారు చీర మూట మా అమ్మ ఒళ్లో పెట్టి, ఇంకొంచెం లోపలికి వెళ్లి, బిందెలో నీళ్లు ముంచుకుంటున్నారు. కొండల్లోంచి నీళ్లు గోడలా వచ్చాయని అమ్మ చెబుతుంది. ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగిపోతుంది. అమ్మ, తక్కినవాళ్లు ఒడ్డుకి పడ్డారు. సన్యాసమ్మ గారు దక్కలేదు. చీర మూట మాత్రం అమ్మ చంకలో అలాగే ఉంది, చెక్కుచెదరకుండా.

జీవితమంతా బండి వెనకపెట్టెలో కూర్చుని వెనక్కి చూడటమే ఉద్యోగం అయిన మనిషి, వెనకవేపు ఆకాశం ఉందని మరిచిపోయాడు. ఈ మాట నాది కాదు, ఆయన నాతో ఒకే ఒక్కసారి అన్నది. ఆ తరవాత చాలాకాలం సంతకి రాలేదు. ఆడవాళ్లే ఇంటికి వెళ్లి అడిగారు. వాళ్లకి ఆయన మీద కోపం లేదని, ఆయన తప్పూ లేదని చెప్పడానికి అదొక్కటే వాళ్లకి తెలిసిన దారి. ఆయన మళ్లీ వచ్చాడు. ఎండుచేపల గంపల దగ్గర నిలబడ్డాడు. ఈ వారం వాన, అన్నాడు. ఆ రోజు మొదలుకుని మొన్నటి దాకా, ఆయన నోట తెరిపి అన్న మాట రాలేదు. ఎండ చెప్పే హక్కు నాకు లేదనేవాడు.

ఆయన మాట అందరూ సగం తగ్గించుకుని వినేవారని చెప్పాను గదా. తగ్గించుకోకుండా విన్న మనిషి ఒక్కతే, పైడితల్లి. సన్యాసమ్మ గారి మొక్కు తీరలేదు. చీర పైడి పెట్టెలో ఉంది, ఏటేటా శ్రావణంలో తీసి ఎండకి వేసి మళ్లీ మడతపెట్టేది. ఏటేటా తండ్రిని అడిగేది, నాన్నా, ఈ వారం రతన్‌పూర్ వెళ్లనా అని. వాన, అనేవాడు ఆయన. అచ్ఛా, అని ఊరుకునేది. పెళ్లయింది, భర్త లోకో షెడ్డులో ఫిట్టరు, ఇల్లరికం వచ్చాడు. ఆమె జుట్టులో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ఎడ్లబండి పోయి మోటారు బస్సు వచ్చింది, వాగు మీద నీళ్లు పైనుంచి పొర్లే రాతి రపటా కట్టారు. అయినా ఆమె వెళ్లలేదు.

ముసలాయన మాట పట్టుకుని కూర్చుంటావేం, ఆయన మండుటెండలో కూడా వానే అంటాడు, ఒకరోజు చెప్పకుండా వెళ్లొచ్చెయ్యి, అని నేనే ఒకసారి సలహా ఇచ్చాను. పైడి నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. "నాను ఆయన మాట కాదని ఎల్తే, అమ్మ ఆయన మాటవల్లే పోయిందని ఒప్పుకున్నట్టు గదన్నా. ఆయనే పంపాల. ఆయన పంపితేనే ఎల్తాను" అంది. నేను మళ్లీ ఆ ప్రసక్తి ఎత్తలేదు.

ఈ ఏడు మావకి ఆయాసం ముదిరింది, కాళ్లకి నీరు వచ్చింది. స్టేషనుకి వెళ్లడం మానేసి, అరుగు మీదే కూర్చుని, వీధిలో పోయే రైల్వే వాళ్లని ఆపి బండ్ల సంగతి అడిగేవాడు. మొన్న బుధవారం ఆడవాళ్లు సంతకి వెళ్తూ అరుగు దగ్గర ఆగి అడిగారు. వాళ్లని కూర్చోమని, నన్ను పిలిచాడు. ఆఫీసుకి పోయి కట్నీ బండ్లు చూసి రమ్మన్నాడు. రాయ్‌గఢ్ బండి చూడనా అంటే, దాన్ని ఎవడైనా చూస్తాడు, నువ్వు కట్నీది చూడు, అన్నాడు.

నేను వెళ్లి చూశాను. వ్యాగన్ల కప్పుల మీద దుమ్ము. జెండా పొడి. కొండల్లో వాన లేదని, చాలా రోజులుగా లేదని గార్డు చెప్పాడు. వచ్చి అదే చెప్పాను. మళ్లీ మళ్లీ అడిగాడు. పెండ్రా దాటాక వెనక్కి చూశాడా ఆ గార్డు, చూసే చెప్పాడా, ఊరికే అన్నాడా, అని. చూశాడన్నాను. మావ కళ్లు మూసుకున్నాడు. ఆడవాళ్లు సంతకి వేళ మించిపోతోందని గొణుక్కుంటున్నారు, కానీ ఒక్కరూ లేవలేదు.

"పైడీ" అని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. "ఈ యేడు అడగనేదేటి?"

ఒంట్లో బాగోలేని మనిషిని ఏం అడుగుతానని ఊరుకున్నానంది.

"శుక్రవారం తెరిపి. ఎల్లిరా" అన్నాడు మావ. కాసేపు ఊపిరి తీసుకుని, "నువ్వు ఎనక్కి సూడకు. ఎనక నేను సూత్తాను" అన్నాడు.

పైడి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, వాపెక్కిన ఆ పాదాల మీద తల పెట్టింది. మా అమ్మ మా అరుగు మీంచి లేచి, ఆనాడు ఆ ఎడ్లబండిలో బయల్దేరి చేరనిదాన్ని నేనూ ఉన్నాను, నేను కూడా వెళ్తానంది.

శుక్రవారం పొద్దున్నే వాళ్లిద్దరూ బస్సెక్కారు. మావ కుర్చీ ఎప్పుడూ స్టేషను వేపు, తూర్పుకి తిరిగి ఉండేది. ఆ రోజు ఉత్తరానికి తిప్పించుకున్నాడు. నేను సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. అన్నం వద్దన్నాడు, పడుకోమంటే వద్దన్నాడు. మధ్యాహ్నం దాకా ఆకాశం కడిగిన కంచంలా ఉంది. ఆయన ముఖం కూడా కొంచెం తేటపడింది. సన్యాసమ్మ గారి నవ్వు ఎలా ఉండేదో చెప్పాడు. ఇన్నేళ్లలో ఆవిడ పేరు ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

మూడో జాము తిరుగుతుండగా ఉత్తరాన, చాలా దూరాన, కొండల మీద ఒక మబ్బు లేచింది. పెద్దది కాదు. నాకు ముందు కనిపించలేదు, ఆయన చెయ్యి బిగుసుకోవడం వల్ల అటు చూశాను. అది మామూలు మబ్బేనని, గాలికి పోతుందని చెప్పాను. "గూడ్సాఫీసోడివి, నీకేటి తెల్సు" అన్నాడు. అల్లుణ్ణి బస్టాండుకి పంపించాడు, బస్సు రతన్‌పూర్‌లో బయల్దేరిందో లేదో కనుక్కోమని. అతను వెళ్లాడు. మబ్బు నల్లబడింది. మా అమ్మ కూడా ఆ బస్సులో ఉంది గదా, నాకూ భయం వేసింది, అబద్ధం ఎందుకు. మావ కుర్చీలోంచి ముందుకి వంగి, కళ్లు చికిలించి, రెప్ప వేయకుండా అటే చూస్తున్నాడు. ఊపిరి గురక పెడుతోంది. నేను పడుకోబెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. కాసేపటికి ఆ గురక వినిపించడం లేదని గ్రహించాను. కళ్లు తెరిచే ఉన్నాయి, ఉత్తరానికే.

నేను ఆయన్ని అలా పట్టుకుని కూర్చుని ఉండగానే ఆ మబ్బు రెండుగా చీలి, పలచబడి, ఎండలో కలిసిపోయింది. దాన్ని ఆయన చూడలేదు. దేవుడికి ఆ కాస్త ఓపిక లేకపోయిందా అని నేను ఈ రోజుకీ ఆ దేవుణ్ణి తిడుతూనే ఉన్నాను.

పొద్దుగూకక ముందే బస్సు వచ్చింది. పైడి, మా అమ్మ, అల్లుడు వీధిలోకి తిరిగారు. పైడి చేతిలో ప్రసాదం ఆకు, నుదుట అమ్మవారి కుంకుమ, ముఖంలో ఎన్నేళ్లకో ఒక వెలుగు. జనం మూగి ఉండటం చూసి నడక ఆపేసింది. తరవాత మెల్లగా వచ్చి, కుర్చీ ముందు నేల మీద కూర్చుని, తన చీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని ఆయన కళ్ల ఎదుట పెట్టింది. "తడవనేదు నాన్నా. సూడు, అంచు కూడా తడవనేదు" అంది. అదే మాట మళ్లీ అంది. మా అమ్మ ఆమెని దగ్గరికి తీసుకునేదాకా అంటూనే ఉంది.

శనివారం పొద్దున్న అర్పా నది ఒడ్డున పొడి కట్టెల మీద ఆయన్ని సాగనంపాం. ఆయన చెప్పిన తెరిపి అప్పటికీ నిలిచే ఉంది. ఆ మర్నాడు తూర్పు నుంచి వాన పట్టుకుంది. మన వేపు వాయుగుండమట, బండ్లన్నీ తడిసి వచ్చాయి. ఆయన కోసం ఊరి నుంచి బయల్దేరి, ఒక్కరోజు ఆలస్యంగా చేరింది.

రేడియోలో ఎక్కడెక్కడి పెద్ద ఊళ్ల వాతావరణమో చెబుతారు. మన బిలాస్‌పూర్ పేరు అందులో రాదు. వచ్చినా అది లెక్కలు చూసి చెప్పేది. మనల్ని తలుచుకుని, మన వడియాలనీ మన పిల్లల పడిశాలనీ తలుచుకుని భయపడి చెప్పేవాడు పోయాడు. మన మీద చినుకు పడితే తన తప్పని అనుకునే మనిషి మనకి ఇంకొకడు దొరకడు. మహానుభావులన్న మాట నేను తేలిగ్గా వాడను. మావ విషయంలో వాడుతున్నాను, ఆయన వింటే తిడతాడని తెలిసీ.

ఇవాళ బుధవారం. సంత యథాప్రకారం జరిగింది. ఎండుచేపల గంపల దగ్గర ఆయన నిలబడే చోటు ఎవరూ తొక్కలేదు. ఆడవాళ్లు అక్కడిదాకా వచ్చి, ఏదో మరిచిపోయిన వాళ్లలా నిలబడి, సంచులు సర్దుకుని పోతున్నారు. అంతలో పైడి వచ్చింది, చేతిలో తండ్రి గొడుగు. మైల ఇంకా తీరలేదు, దూరంగానే నిలబడింది, ఇంట్లో ఉండలేక వచ్చానంది. కూరలమ్మే ఛత్తీస్‌గఢీ ముసలమ్మకి ఈ విచారాలేమీ పట్టలేదు. గంప పక్కకి జరిపి, ఏం బిడ్డా, పానీ గిరహీ కా, అని అడిగింది.

పైడి ముందు ఉత్తరానికి తిరిగి, కొండల వేపు చాలాసేపు చూసింది. ఆ తరవాతే తూర్పుకి తిరిగింది.

"నాకు తెలీదమ్మా" అంది. "గొడుగు అట్టుకెళ్లండి."